కాలిన గాయం మీద జెల్ షీటు వెయ్యడం ఎలా

బర్న్స్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో మా ట్రాలీ మీద ఉండేవి తెల్ల మందు (సిల్వర్ సల్ఫాడయజీన్) డబ్బా, వాసెలిన్ పూసిన గాజు గుడ్డ (జాలీలాంటి పల్చటి కట్టు గుడ్డ), దూది, రోలర్ బ్యాండేజీ. నేను రిటైరయ్యేనాటికి అదే ట్రాలీ మీదికి అద్దంలా కనిపించే చల్లని జెల్ షీట్లు వచ్చి చేరాయి. ఇప్పుడవి మందుల షాపులోనూ దొరుకుతున్నాయి, ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికీ వస్తున్నాయి. కొందరు ‘కృత్రిమ చర్మం’ అని పేరు పెట్టి మరీ అమ్ముతున్నారు. దాంతో చుట్టాల్లో, మా వీధిలో ఎవరి చెయ్యి కాలినా నాకు ఫోను వస్తుంది: “అక్కా, ఆ జెల్ ముక్క తెచ్చి అతికించేస్తే సరిపోద్దా?”

సరిపోయే గాయాలున్నాయి, సరిపోనివీ ఉన్నాయి. ఆ తేడా తెలిశాకే ప్యాకెట్టు చించాలి. షీటు వెయ్యడం పది నిమిషాల పని. అసలు పనంతా దానికి ముందు చూసుకోవడంలోనే ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

జెల్ చేసే పని ఏంటి

మన చర్మం పైపొర మూడు పనులు చేస్తుంది. ఒంట్లో నీటిని బయటికి పోనివ్వదు. బయటి క్రిముల్ని లోపలికి రానివ్వదు. కింద ఉన్న నరాల కొసలకి గాలి తగలనివ్వదు. ఆ పొర కాలి ఊడిపోతే రసి కారుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఫ్యాను గాలి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. జెల్ షీటు ఈ మూడు పనుల్నీ కొన్నాళ్లపాటు తన మీద వేసుకుంటుంది. అంతే. పుండుని మాన్పేది అది కాదు. పైపై కాలిన గాయంలో వెంట్రుకల కుదుళ్ల చుట్టూ, చెమట గ్రంథుల గొట్టాల్లో బతికున్న కణాలు మిగులుతాయి. కొత్త చర్మం అక్కణ్ణుంచే పుట్టి నాలుగు వైపులా పాకుతుంది. ఆ కుదుళ్లు కూడా కాలిపోయాయా, పైన ఎంత ఖరీదైన జెల్ వేసినా కింద నుంచి వచ్చేదేమీ ఉండదు.

ఆ కణాలు పాకడానికి తడి కావాలి. “పుండుకి గాలి తగలాలి, ఆరి పక్కు కట్టాలి” అనే మాట మన ఇళ్లలో ఎంత గట్టిగా ఉందో నాకు తెలుసు. కానీ 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేసి, కొన్నింటిని పల్చటి ఫిల్ముతో మూసి చూశాడు. మూసి తడిగా ఉంచినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. పక్కు కడితే కొత్త కణాలు దాని కిందికి దూరి, ఇంకా తడి ఉన్న లోతుని వెతుక్కుంటూ పోవాలి. ఆలస్యం అక్కడే.

ఇక జెల్ అంటే ఏంటో. పాలీవినైల్ ఆల్కహాల్, పాలీవినైల్ పైరోలిడోన్ వంటి పాలిమర్ల పొడవాటి గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేస్తే వల తయారవుతుంది. ఆ వలలో నీళ్లు చిక్కుకుంటాయి. షీటు బరువులో ముప్పావు భాగం, చాలాసార్లు అంతకంటే ఎక్కువ, నీళ్లే. మెల్లగా నొక్కినా కారవు. ముడివెయ్యడానికి గామా కిరణాలు వాడతారు. మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు ఇలాగే పాలీవినైల్ ఆల్కహాల్ జెల్ తయారుచేసే పద్ధతిని రూపొందించారు. సీలు వేసిన ప్యాకెట్టు మీదే కిరణాలు పడతాయి కాబట్టి వల ముడిపడటం, క్రిములు చావడం రెండూ ఒకేసారి అయిపోతాయి. “రేడియేషన్ అంటున్నారు, పిల్లకి ప్రమాదం కాదా సిస్టర్?” అని అడిగిన తండ్రులున్నారు. గామా కిరణాలు జెల్‌లోంచి వెళ్లిపోతాయి, అందులో ఉండిపోవు. మనం వాడే సిరంజిల్లో కొన్ని కూడా ఇలాగే స్టెరిలైజ్ అవుతాయి.

ఒక చిన్న ముచ్చట. ఈ రకం జెల్స్‌కి దారి వేసింది చెకోస్లొవేకియాకి చెందిన ఒటో విక్టర్లే, ద్రహోస్లవ్ లీమ్. 1960లో వాళ్ల పరిశోధన అచ్చయింది. మరుసటేడు క్రిస్మస్‌కి విక్టర్లే ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే మెకానికల్ సెట్టుతో యంత్రం బిగించి మెత్తటి కాంటాక్ట్ లెన్సులు తయారుచేశాడు. కంట్లో పెట్టుకునేదీ, కాలిన చోట వేసేదీ ఒకే వంశం.

కాలిన వెంటనే

ఇంట్లో జెల్ షీటు ఉన్నా సరే, మొదట కుళాయి కిందికే. మామూలు చల్లటి నీళ్లు, సన్నటి ధారగా, 20 నిమిషాలు. గడియారం చూసుకుని 20. రెండు నిమిషాలు పెట్టి “చల్లబడింది” అని తీసేసేవాళ్లే ఎక్కువ. చర్మం లోపలి వేడి అంత తొందరగా దిగదు. గంట దాటిపోయినా, కాలిన 3 గంటల లోపైతే నీళ్లు పెట్టడం వల్ల ప్రయోజనం ఉంటుంది. ఐసు మాత్రం వద్దు. ఐసు తగిలితే రక్తనాళాలు ముడుచుకుని, బతకాల్సిన చర్మం కూడా చస్తుంది. పసిపిల్లలకి ఎక్కువ మేర కాలితే నీళ్లు కాలిన చోటే పడేట్టు చూసి, మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. చలికి వణికితే అదొక కొత్త ప్రమాదం.

నీళ్ల కింద ఉండగానే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, కాళ్ల పట్టీలు, పిల్లల మొలతాడు తీసెయ్యాలి. గంటలో వాపు వచ్చాక ఉంగరం రాదు, కొయ్యాల్సిందే. బట్ట అతుక్కుపోయి ఉంటే లాగకండి, చుట్టూ కత్తిరించి ఆ ముక్కని అలాగే వదలండి.

టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, దోసెల పిండి, పేడ, సున్నపు తేటలో కలిపిన కొబ్బరినూనె... ఇవన్నీ పూసుకుని వచ్చినవాళ్లని చూశాను. మాకు వాటితో వచ్చే మొదటి కష్టం ఇన్‌ఫెక్షన్ కూడా కాదు. కింద రంగు కనపడదు. రంగు కనపడకపోతే లోతు తెలీదు. ఆ పేస్టుని కడిగి తీసేటప్పుడు బిడ్డ ఏడ్చే ఏడుపు, కాలినప్పటి ఏడుపు కంటే ఎక్కువగా ఉంటుంది.

నీళ్ల తర్వాత ఏమీ పూయకుండా, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము రోలులో పై రెండు చుట్లు పారేసి, ఆ తర్వాతది ముక్కలుగా పరచండి. చుట్టూ బిగించి చుట్టకూడదు, వాపు వస్తుంది. అది లేకపోతే ఉతికి ఆరేసిన నూలు పంచె చాలు.

ఇంట్లో చూసుకునేదా, ఆసుపత్రికి వెళ్లాల్సిందా

ఎంత మేర కాలిందో కొలవడానికి, కాలినవాళ్ల అరచెయ్యి వేళ్లతో సహా ఒక శాతం అనుకోండి. మీ చెయ్యి కాదు, వాళ్లది. పెద్దవాళ్లకి పది అరచేతులు, పిల్లలకి ఐదు దాటితే ఇంకేమీ ఆలోచించకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఎన్ని గంటలకి కాలిందో గుర్తుపెట్టుకోండి. ఎక్కించే సెలైన్ లెక్క ఆసుపత్రికి వచ్చిన టైమ్ నుంచి కాదు, కాలిన టైమ్ నుంచి వేస్తారు. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే, చాలా చోట్ల వాడే లెక్క ప్రకారం 4×60×30, అంటే 7200 మిల్లీలీటర్లు మొదటి 24 గంటల్లో వెళ్లాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే. తొమ్మిదింటికి కాలి పదకొండింటికి వచ్చారంటే ఆ సగానికి మిగిలింది ఆరు గంటలే.

మేర తక్కువైనా ఇంట్లో పెట్టుకోకూడనివి ఉన్నాయి. ముఖం, చేతులు, పాదాలు, మర్మావయవాలు, కీళ్ల మీద కాలినవి. కరెంటు షాక్, యాసిడ్. గదిలో పొగ పీల్చి గొంతు బొంగురుపోయినవాళ్లు. చేతికో కాలికో చుట్టూతా కాలినవి. ఏడాదిలోపు పిల్లలు. షుగర్ ఉన్నవాళ్ల పాదాల గురించి విడిగా చెప్పాలి. ఎండాకాలం గుడి బండల మీద ఉత్తి కాళ్లతో ప్రదక్షిణ చేసి, స్పర్శ లేక తెలియక, రెండో రోజు బొబ్బలు చూసుకునేవాళ్లు మాకు ఏటా వచ్చేవాళ్లు. వాళ్లు జెల్ కొనుక్కుని ఇంట్లో కూర్చోకూడదు.

ఇక లోతు. ఎర్రగా ఉండి బొబ్బ లేకపోతే అది ఎండకి కమిలినట్టే, కొబ్బరినూనె చాలు, షీటు దండగ. బొబ్బ లేచి, పగిలిన చోట అడుగు గులాబీ రంగులో తడిగా మెరుస్తూ, ముట్టుకుంటే భరించలేనంత మంటగా ఉంటే, శుభ్రమైన గాజు గుడ్డతో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ చటుక్కున ఎర్రబడిందంటే కింద రక్తం ఆడుతోంది, కుదుళ్లు బతికున్నాయి. జెల్ షీటు పుట్టింది ఈ గాయం కోసమే. రెండు మూడు వారాల్లోపే మానుతుంది. నొక్కితే రంగు మారకుండా ముదురు ఎరుపు, తెలుపు మచ్చలు మచ్చలుగా ఉంటే లోతెక్కువ. తోలులా గట్టిపడి, తెల్లగానో గోధుమరంగులోనో ఉండి నొప్పే లేదంటే అది అన్నిటికంటే లోతైనది. “నొప్పి లేదు సిస్టరమ్మా, తగ్గిపోయింది” అని ధైర్యంగా చెప్పేవాళ్లని చూస్తే మా గుండె జారిపోయేది. నరాలు కూడా కాలిపోయాయి కాబట్టే నొప్పి లేదు.

ఇంట్లోనో, మీ ఊరి పీహెచ్‌సీలోనో జెల్ షీటుతో చూసుకోదగ్గది నా లెక్కలో రెండు మూడు అరచేతుల మేర, గులాబీ రంగు, నొప్పి ఉన్న గాయం. బండి సైలెన్సర్ తగిలి పిక్క లోపలి వైపు కాలినవి దీనికి దగ్గరగా కనిపిస్తాయి కానీ, కాలిన ఇనుము గట్టిగా ఆనుకుంటుంది కాబట్టి మధ్యలో నాణెమంత మేర లోతుగా ఉంటుంది. వాటిని ఒకసారి డాక్టరుకి చూపించి వెయ్యండి. ఏ గాయమైనా టీటీ ఇంజక్షన్ సంగతి అప్పుడే అడగండి.

షీటు కొనేటప్పుడు

షాపులో ‘హైడ్రోజెల్’ (ఈ నీటి జెల్ పేరు అదే) అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ట్యూబులో వచ్చే మెత్తటి జెల్ ఒకటి, షీటు ఒకటి. ట్యూబు జెల్ ఎండిపోయి పసుపు పొర పట్టిన పాత పుండ్లని మెత్తబరచడానికి. తాజాగా కాలిన గాయానికి షీటే తీసుకోండి. ప్యాకెట్టు మీద స్టెరైల్ అని ఉందా, గడువు తేదీ దాటలేదు కదా, ఎక్కడా చిల్లు పడి తడి బయటికి రాలేదు కదా చూడండి. లోపల నీళ్లు ఊరి ఉంటే ఆ ప్యాకెట్టు వద్దు. ఫ్రీజర్లో పెట్టకండి. మంచు కడితే షీటు పాడవుతుంది. బండి డిక్కీలో ఎండకి వదిలెయ్యకండి. గాయం కంటే అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు పెద్దది కావాలి. చిన్నవి రెండు కొని పక్కపక్కన అతికిస్తే మధ్య సందులోనే ఎండిపోయి పట్టుకుంటుంది.

కొలాజెన్ షీటు అని ఇంకోటి ఉంది, దీనితో కలపకండి. అది పశువుల చర్మం నుంచి తీసిన ప్రొటీన్‌తో చేసింది. గాయానికి అతుక్కుని మానేదాకా అలాగే ఉంటుంది, మధ్యలో తీసి మార్చేది కాదు. అది వెయ్యడం డాక్టరు పని. పశువుల నుంచి వచ్చింది కాబట్టి కొన్ని ఇళ్లలో అభ్యంతరం ఉంటుంది, ముందే అడగడం మా అలవాటు. హైడ్రోజెల్‌తో ఆ పేచీ సాధారణంగా ఉండదు.

వేసే పద్ధతి

అరగంట ముందు నొప్పి మాత్ర వెయ్యండి. పిల్లలకైతే పారాసెటమాల్ సిరప్ బరువుని బట్టి డాక్టరు చెప్పినంత. ఈ ఒక్క పని చేస్తే సగం యుద్ధం తప్పుతుంది. ఫ్యాను ఆపండి. గోళ్లు కత్తిరించుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి.

గాయాన్ని సెలైన్‌తో కడగాలి. లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ వద్దు. అవి క్రిములతో పాటు పాకుతున్న కొత్త కణాల్ని కూడా చంపుతాయి. ముందు రాసిన తెల్ల మందు ఉంటే మొత్తం పోయేదాకా కడగండి. సిల్వర్ సల్ఫాడయజీన్ చెడ్డదని అనను, పెద్ద గాయాల్లో క్రిముల్ని అడ్డుకోవడానికి ఏళ్ల తరబడి మేమే రాశాం. కానీ పైపై కాలినవాటికి అది మానడాన్ని ఆలస్యం చేస్తుంది. పైగా మీగడలాంటి పొర కట్టి లోతు తెలియనివ్వదు. సల్ఫా పడనివాళ్లకి, నెలలు నిండిన గర్భిణులకి, పురిటి పిల్లలకి అది రాయకూడదు కూడా.

చిన్న బొబ్బల్ని ముట్టుకోకండి. కోడిగుడ్డంత బిగిసిన బొబ్బలుంటే నర్సో డాక్టరో తీస్తారు. ఇంట్లో సూది పెట్టి గుచ్చొద్దు.

గాయం చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని అద్ది ఆరబెట్టండి, గాయాన్ని మాత్రం తడిగానే ఉండనివ్వండి. షీటుకి సాధారణంగా రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒక వైపుది తీసి, ఆ తడి వైపుని గాయం ఒక అంచున ఆనించి, మెల్లగా రెండో అంచు దాకా దింపుతూ రండి. లాగి సాగదీయకూడదు. మధ్యలో గాలి బుడగ నిలిస్తే వేలితో అంచు వైపు తోసెయ్యండి. పై పొర ఉంచాలో తియ్యాలో ప్యాకెట్టు మీద ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. తర్వాత రెండు మడతల గాజు గుడ్డ, దానిపైన వదులుగా రోలర్ బ్యాండేజీ. ప్లాస్టరు జెల్ మీద వెయ్యకండి, అంటదు. బ్యాండేజీ మీదో మంచి చర్మం మీదో వెయ్యాలి. కట్టిన తర్వాత కాలి వేళ్ల, చేతి వేళ్ల గోళ్లు నొక్కి చూడండి, రంగు వెంటనే తిరిగి రావాలి. మిగిలిన షీటు ముక్కని “రేపటికి పనికొస్తుంది” అని దాచకండి. ప్యాకెట్టు చించాక స్టెరైల్ అనే మాట లేదు.

వేసిన నిమిషంలో మంట దిగుతుంది. కావిడి నీళ్లు మోసి వచ్చినవాళ్లు కూర్చున్నట్టు పిల్లలు ఒక్కసారిగా నీరసంగా వాలిపోతారు, కొందరు అక్కడే నిద్రపోతారు. నరాల కొసలు మూతపడటం, నీళ్లు మెల్లగా ఆవిరవుతూ చల్లబరచడం, రెండూ కలిసి చేసే పని అది. ఆ చల్లదనమే పెద్ద గాయాల్లో ప్రమాదం కూడా. ఛాతీ అంతా కాలిన పసిబిడ్డకి నిండా జెల్ పరిస్తే ఒళ్లు చల్లబడిపోతుంది.

మార్చేటప్పుడు ఏం కనపడుతుంది

మొదటి రెండు రోజులు రసి బాగా కారుతుంది. జెల్‌లో ఇప్పటికే నీళ్లున్నాయి కాబట్టి అది ఎక్కువ పీల్చుకోలేదు. కట్టు తడిసిపోతే రోజూ మార్చండి. తర్వాత రెండు మూడు రోజులకొకసారి చాలు. షీటు పారదర్శకం కాబట్టి పై గాజు గుడ్డ తీసి, షీటు తియ్యకుండానే కింద చూడొచ్చు. నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. పాత గాజు కట్టు విప్పితే ప్రతిసారీ కొత్త చర్మం గాజుతో పాటు చిరిగి వచ్చేది, నెత్తురు చిమ్మేది.

వేడి పాలు గుండెల మీద ఒలికిన మూడేళ్ల బాబు తల్లి ఒకావిడ, రెండో కట్టు మార్చే రోజు షీటు కింద పసుపుపచ్చగా జిగురు చూసి బిక్కమొహం వేసింది.

“చీము పట్టింది సిస్టరమ్మా!”

“చీము కాదమ్మా, రసీ జెల్లూ కలిసి అలా అవుద్ది. వాసన చూడు.”

“వాసనేం లేదు.”

“ఒళ్లు వెచ్చగా ఉందా? పాలు తాగాడా?”

“తాగాడు. నిన్నట్నుంచీ ఆడుకుంటన్నాడు కూడా.”

సెలైన్ పోసి కడిగితే ఆ జిగురంతా జారిపోయింది. కింద గులాబీ రంగు, దాని మీద అక్కడక్కడా ముత్యపు రంగులో సన్నటి చుక్కలు. ఆవిడకి వాటినే చూపించాను. ఆ ఒక్కో చుక్కా ఒక్కో వెంట్రుక కుదురు చుట్టూ లేచిన కొత్త చర్మం. రోజులు గడిచే కొద్దీ చుక్కలు పెద్దవై ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. మీరు కట్టు మార్చేటప్పుడు వెతకాల్సింది ఈ చుక్కల్నే.

షీటు పాలవన్నెకి తిరిగి ఉబ్బితే రసి పీల్చిందని అర్థం, మార్చెయ్యండి. అంచులు పల్చబడి గట్టిపడితే ఎండిపోయిందని. రెంటచింతల ఎండల్లోనూ, ఏసీ గదుల్లోనూ ఇది తొందరగా జరుగుతుంది. ఎండినదాన్ని పీకొద్దు. సెలైన్ పోసి పది నిమిషాలు ఆగితే నాని అదే లేస్తుంది. చుట్టూ ఉన్న మంచి చర్మం బట్టలుతికిన వేళ్లలా తెల్లగా ముడతలు పడితే తడి మరీ ఎక్కువైంది. షీటుని గాయం సైజుకి తగ్గించి కత్తిరించండి, అప్పటికీ తగ్గకపోతే ఫోమ్ లేదా ఆల్జినేట్ కట్టుకి మారమని డాక్టరు చెప్తారు. ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి వచ్చిన పాలిమరే, పొడిగా ఉండి రసిని తాగి తనే జెల్‌గా మారుతుంది.

వాసన వచ్చినా, షీటు కింద ఆకుపచ్చ ఛాయ కనపడినా, ఎరుపు గాయం దాటి బయటికి పాకినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, పిల్లాడు మందకొడిగా పడుకున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలైనా చుక్కలు కలవకుండా ఎక్కడిదక్కడే ఆగిపోయినా అంతే. అది మనం అనుకున్న దానికంటే లోతైన గాయం.

లోతైనవాటికి వాడే అసలు కృత్రిమ చర్మం

కుదుళ్లు కూడా కాలిపోతే తొడ మీంచి పల్చటి చర్మం తీసి వెయ్యాలి. అదే గ్రాఫ్టింగ్. సగం ఒళ్లు కాలినవాళ్లకి తియ్యడానికి చర్మం ఎక్కడిది? ఈ ప్రశ్న మీదే బోస్టన్‌లో సర్జన్ జాన్ బర్క్, ఎంఐటీ ప్రొఫెసర్ యానిస్ యానాస్ కలిసి పనిచేసి 1981లో ఒక పొరని ప్రకటించారు. కింద ఆవు కొలాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపి చేసిన సన్నటి రంధ్రాల పొర, పైన సిలికాన్ పొర. రెండు మూడు వారాల్లో కింది పొరలోకి రోగి రక్తనాళాలే పెరుగుతాయి. అప్పుడు సిలికాన్ ఒలిచేసి చాలా పల్చటి గ్రాఫ్టు వేస్తారు. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. ఇది ఆపరేషన్ థియేటర్ సరుకు. షాపులో కొనే షీటుకీ దీనికీ ‘కృత్రిమ చర్మం’ అని ఒకే పేరు పెట్టడం నాకు నచ్చదు. ఒకటి నాలుగు రోజుల కప్పు, రెండోది ఒంట్లో కలిసిపోయే చట్రం.

ఆ రెంటి మధ్య గోడని చెరపాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. 2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో షారన్ గెరెక్ట్ బృందం డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పాలిమర్‌తో చేసిన జెల్‌ని లోతుగా కాలిన ఎలకల మీద వేస్తే, 21 రోజులకి వెంట్రుక కుదుళ్లతో సహా చర్మం తిరిగి వచ్చింది. ఆ జెల్ తొందరగా కరిగి రక్తనాళాలకి దారి వదలడమే కీలకం అన్నారు. ఎలకలో వచ్చింది మనిషిలో రావాలంటే చాలా దూరం ఉంది. ఎలక చర్మం ఎక్కువగా ముడుచుకుని మానుతుంది, మనది అంతగా ముడుచుకోదు.

మన దగ్గర లోతైన పెద్ద గాయాలకి ప్రస్తుతం చేతికందే గొప్ప కప్పు, చనిపోయినవాళ్లు దానం చేసిన చర్మమే. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంకు ఉంది. మరణించిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు మీంచి పల్చటి పొర తీస్తారు. ఆకారం చెడదు, నెత్తురు కారదు. గ్లిసరాల్‌లో పెట్టి, చల్లగా ఏళ్లపాటు నిలవ ఉంచుతారు. కళ్ల దానం గురించి తెలిసినంతగా మన ఊళ్లలో దీని గురించి తెలీదు.

కట్టు బయట చేసే పనులు

“పప్పు తింటే చీము పడుద్ది, గుడ్డు పెడితే దురద” అని పథ్యం పెట్టి గంజన్నంతో ఉంచడం అన్నిటికంటే నన్ను విసిగించిన విషయం. కొత్త చర్మం ప్రొటీన్‌తోనే కడతారు ఎవరైనా. గుడ్లు, పప్పు, పాలు, చేపలు, మాంసం ఏది అలవాటైతే అది రెట్టింపు పెట్టండి. నీళ్లు బాగా తాగించండి.

వేళ్ల మీద కాలితే, డాక్టరు చూశాక కట్టేటప్పుడు, ఒక్కో వేలికీ విడిగా జెల్ ముక్క, విడిగా కట్టు. అన్నీ కలిపి కడితే పక్కపక్క వేళ్లు అతుక్కుపోతాయి. మోచేతి మడతలో కాలినవాళ్లు చెయ్యి ముడిచి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, మానేటప్పుడు అలాగే లాక్కుపోతుంది. చాపి పడుకోబెట్టండి. మెడ ముందు కాలితే తలగడ తీసెయ్యండి.

మానిన చర్మం పల్చగా, నూనె గ్రంథులు లేకుండా పొడిగా ఉంటుంది. రోజుకి రెండు మూడుసార్లు కొబ్బరినూనె రాసి మెత్తగా మర్దనా చెయ్యండి, ఎండ తగలనివ్వకండి. మచ్చ ఎర్రగా, దురదగా, గట్టిగా పైకి లేస్తుంటే డాక్టరు సిలికాన్ జెల్ షీటు రాస్తారు. ఇది కూడా పాలిమర్ జెల్లే, పేరు విని హైడ్రోజెల్‌తో తికమక పడేవాళ్లు చాలామంది. హైడ్రోజెల్ పచ్చి గాయం మీద. సిలికాన్ పూర్తిగా మూసుకున్న చర్మం మీదే. మొదట రోజుకి నాలుగు గంటలతో మొదలుపెట్టి, పడితే క్రమంగా స్నానం వేళ తప్ప రోజంతా ఉంచుకోవాలి. ఇలా కనీసం రెండు మూడు నెలలు. రోజూ తీసి సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనిచ్చి, జిగురు ఉన్నంతకాలం అదే షీటు మళ్లీ వాడుకోవచ్చు. కింద చెమటకాయలు వస్తే రెండు రోజులు ఆపండి. మచ్చ ఎక్కడైనా చిట్లి తడి కనపడితే ఆ క్షణమే తీసేసి, ఆ చోటు మూసుకునేదాకా మళ్లీ పెట్టకండి.